మొహమాటం నిల్వ

మా సంఘం హోటల్లో ఎవరూ అడగని అన్నం రోజూ బస్తాలకి బస్తాలు ఖర్చవుతోందని మొట్టమొదట కనిపెట్టింది ఒక కంప్యూటరు. అంతకుముందు ఆ సంగతి మాకు తెలియక కాదు. అది పట్టించుకోవలసిన సంగతని తెలియక.

సాలూరు బస్టాండు వెనక ఉన్న ఆ హోటల్‌ను వర్తకులూ, ఉద్యోగులూ కలిసి సహకార పద్ధతిలో నడుపుతున్నారు. టికెట్టు కొన్నవాడికి అరిటాకు వేసి ఒక విడత అన్నీ వడ్డిస్తారు. తరవాత మారు. మారుకి హద్దు లేదు. అన్నం, పప్పు, పప్పుచారు, మజ్జిగ ఎవరి కడుపు పట్టినంత వాళ్ళకి. నేను అక్కడ గుమస్తాని. మనస్తత్వశాస్త్రంలో ఎమ్మే చదివి, ఆ శాస్త్రాన్ని ఏం చెయ్యాలో తోచక లెక్కల్లో పడ్డాను. ఒంటరివాణ్ణి. రెండు పూటలా భోజనం అక్కడే. సరుకుల గదిలోంచి ఏం వెళ్ళిందో పొద్దున రాసేవాణ్ణి. గిన్నెల్లో ఏం మిగిలిందో మధ్యాహ్నం తొంగి చూసి, ఏమీ లేదని రాసేవాణ్ణి. ఈ రెంటికీ మధ్య జరిగేది భోజనం. దానికి నా పుస్తకంలో గడి లేదు.

'సులభం' వచ్చాక గడి వచ్చింది.

సులభం అన్నది సాఫ్ట్‌వేర్ పేరు. మా అధ్యక్షులు పొట్నూరు వల్లభరావు గారు బెల్లం వర్తకులు. విశాఖపట్నంలో ఏదో సదస్సుకి వెళ్ళి, హోటల్ వెనక గదిలో జరిగే పనులన్నీ ఒక్క తెర మీద కనిపించేలా చేసే ఈ ఏర్పాటు చూసి ముచ్చటపడ్డారు. దాంతోపాటు నిఖిలేశ్ అనే యువకుణ్ణి కూడా తీసుకొచ్చారు. అతని హోదా అమలు నిపుణుడు. నిజం చెప్పాలంటే సులభం చాలా పనులు బాగానే చేసింది. జీతాల పట్టీ, పన్నుల వివరాలు, నూనె డబ్బాల ఆర్డర్లు అన్నీ దానంతట అదే చూసుకుంది. నాకు తీరిక దొరికింది. తీరిక దొరికిన గుమస్తాని చూస్తే ఏ సంస్థకైనా కంగారు పుడుతుంది. అందుకే కాబోలు, మూడో వారంలో తెర ఎర్రబడింది.

"సార్, టికెట్ల లెక్కన డిమాండ్ ఇంత" అన్నాడు నిఖిలేశ్, అధ్యక్షుల గదిలో తెర చూపిస్తూ. "వంటింట్లోంచి వెళ్ళింది దానికి రెట్టింపు. ఈ రెండో సగం ఎవరు కోరారు?"

"ఎవరూ కోరరు నాయనా. వడ్డిస్తారు" అన్నారు వల్లభరావు గారు.

"కోరకుండా ఎలా వడ్డిస్తారు సార్?"

"ఎలా ఏముంది? వద్దంటే వడ్డిస్తారు."

నిఖిలేశ్ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "వద్దన్నాక కూడానా?"

"వద్దన్నాకే. అనకముందు ఎవరైనా వడ్డిస్తారా?" అని అధ్యక్షులు నా వైపు చూశారు, ఈ కుర్రాడికి ఇంట్లో అన్నం పెట్టినవాళ్ళు లేరా అన్నట్టు.

నిఖిలేశ్ మాత్రం చాలా ఓపికగా చెప్పాడు. ప్రతి గరిటె వెనకా ఒక కోరిక ఉండాలి. కోరిక లేని గరిటెను సులభం 'అకారణ వడ్డన' అంటుంది. మన హోటల్లో సగం వడ్డన అకారణం. ప్రపంచంలో ఇంత అకారణం ఉన్న సంస్థను అది ఇంతవరకూ చూడలేదు. అధ్యక్షుల ముఖంలో మొదట గర్వం కనిపించింది. తరవాత అది గర్వపడవలసిన విషయం కాదని గ్రహించారు.

మర్నాటి నుంచి ప్రతి బల్ల మీదా కెమెరా ఉన్న కంప్యూటరు పలక ఒకటి వెలిసింది. దాని మీద పచ్చటి బొత్తాం, 'కావాలి' అని. మారు కావలసినవాళ్ళు నొక్కాలి. నొక్కితే వంటింట్లో గంట మోగుతుంది. వడ్డించేవాళ్ళు వస్తారు. ఇంతకంటే తేలిక ఏముంటుంది?

ఎవరూ నొక్కలేదు.

నేను ఓ మూల కూచుని చూశాను. ప్రతివాడూ బొత్తాన్ని చూస్తాడు. తరవాత పక్కవాణ్ణి చూస్తాడు. పక్కవాడు తననే చూస్తుంటాడు. ఇద్దరూ చటుక్కున పంఖా వైపు చూస్తారు. ఖాళీ ఆకు ముందు కాసేపు అలా గాలి మెచ్చుకుని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతారు. సాయంత్రం సులభం పచ్చగా మెరిసింది. డిమాండ్ లేదు. డిమాండ్ లేదు కాబట్టి రేపు తక్కువ వండమంది.

వడ్డించేవాళ్ళలో ఈ ఏర్పాటు తలకెక్కనిది ఒక్క అప్పలనరసమ్మకే. మనిషి పొడగరి, గొంతు పెద్దది, దయ తక్కువ. ఆవిడ ఎవరి మాటా నమ్మదు. ముఖ్యంగా ఆకు ముందు కూచున్నవాడి మాట. పప్పుచారు బకెట్టుతో నిలబడి, "సెయ్యి తియ్యి. కాలితే నాదా పూచీ?" అంటుంది. తియ్యకపోతే నిజంగానే పోస్తుంది. సన్నగా ఉన్నవాళ్ళంటే ఆవిడకి కోపం. లావుగా ఉన్నవాళ్ళు సగంలో లేస్తే అంతకంటే కోపం.

"గంట మోగలేదు నరసమ్మా" అన్నాను ఒకరోజు, ఆవిడ బకెట్టు ఎత్తుతుంటే.

"నానేటి బడి పిల్లనా, గంటకి నెగడానికి?" అంది ఆవిడ.

ఈ సమస్య మీద అధ్యక్షులు రెండుసార్లు సమావేశం పెట్టారు. వడ్డన తగ్గింది, కోరిక పెరగలేదు, టికెట్లు తగ్గుతున్నాయి. వినియోగదారుడు వద్దన్నప్పుడు అతని మనసులో ఏముందో తెలిస్తే తప్ప సులభానికి సరైన సమాచారం అందదని నిఖిలేశ్ తేల్చాడు. మనసులో ఏముందో ఎవరు చెప్పాలి? అందరూ నా వైపు తిరిగారు. నా ఎమ్మే పట్టా అప్పటికి పాతికేళ్ళుగా ట్రంకుపెట్టెలో ఉంది. ఆ సాయంత్రం నన్ను మొహమాట నిర్ధారణాధికారిగా నియమించారు.

పని కష్టమేమీ కాదు. అందరూ నోటితో ఒకటే మాట అంటారు, చాలని. చెయ్యి మాత్రం రకరకాలుగా చెబుతుంది. చెయ్యి ఆకుకి అంటుకుని ఉంటే నిజంగా చాలు. ఆకుకీ చేతికీ మధ్య గరిటె దూరేంత సందు ఉంటే మొహమాటం. సందు ఉండి, కళ్ళు బకెట్టు వైపు ఉంటే తీవ్ర మొహమాటం. మనిషి తనకు కావలసింది నేరుగా ఎందుకు అడగడని నేను చదువుకునే రోజుల్లో పెద్ద పెద్ద పుస్తకాలు తిరగేశాను. వాటిల్లో ఎక్కడా దొరకనిది ఇక్కడ, అంట్ల పక్కన కూచుంటే అర్థమైంది. అడిగితే దొరికేది అన్నం మాత్రమే. వద్దన్నా పెడితే, పెట్టేవాడు తనని చూశాడని తెలుస్తుంది. మొదటిది కడుపు నింపుతుంది. రెండోదానికి గడి లేదు.

గడి పెట్టారు. సులభంలో 'మొహమాటం' అని కొత్త శీర్షిక తెరిచారు. నేను నిర్ధారించిన ప్రతి మొహమాటమూ అక్కడ చేరేది. కానీ మొహమాటమని తేలినంత మాత్రాన వడ్డించడానికి వీల్లేదు. బొత్తాం నొక్కలేదు కదా. అందువల్ల అది తీరకుండా నిల్వ ఉండేది. ఆ రోజుది మర్నాటికి, ఆ వారానిది పై వారానికి బదిలీ అయ్యేది. నెల తిరిగేసరికి మా గోదాములో బియ్యం కంటే మొహమాటం ఎక్కువైంది.

అది చూసి సహకార శాఖ పై ఆఫీసు నుంచి హైమావతి గారు వచ్చారు. ఆవిడ పర్యవేక్షణాధికారి. అద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, తెరను చాలాసేపు పరిశీలించారు.

"సదరు మొహమాటం సంఘానికి రావలసిన బాపతా, సంఘం ఇవ్వవలసిన బాపతా?" అన్నారు.

నేను ఆలోచించి, "రెండూనండి" అన్నాను.

"రెండూ అనే పద్దు లేదు."

"అవునండి."

"దీన్ని అనుభవించే వినియోగదారుడు మరణించినచో?"

"వారసులకి వెళ్తుందండి. సాధారణంగా వెళ్తుంది" అన్నాను. నేను వేళాకోళం ఆడలేదు. అది శాస్త్రంలో ఉన్నదే.

ఆవిడ రాసుకున్నారు. అధ్యక్షులు కాఫీ తెప్పించారు. ఆవిడ "అబ్బే, వద్దండీ, ఇప్పుడే అయింది" అన్నారు. కాఫీ తెచ్చిన మనిషి, కోరనిది ఇవ్వకూడదన్న నిబంధన ప్రకారం, కాఫీ వెనక్కి తీసుకెళ్ళిపోయాడు. ఆవిడ గ్లాసు వెళ్ళిన దారినే కొంతసేపు చూసి, మళ్ళీ తెర మీదికి వచ్చారు.

"సంస్థ పుస్తకాల్లో మానవ స్వభావం పేరుకుపోవడం వాంఛనీయం కాదు" అన్నారు. "రద్దు చేయండి."

రద్దు చెయ్యడం చాలా తేలికని నిఖిలేశ్ చెప్పాడు. ఒక్క నిబంధన పెడితే మొహమాటం మొత్తం సున్నా అవుతుంది. ఆ సాయంత్రమే ఉత్తర్వు గోడ మీద అంటించారు.

'ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, సంఘ ఆవరణలో ఎవరైనను చాలు, వద్దు, అక్కర్లేదు మొదలగు మాటలు పలికినచో, వాటిని పలికిన వ్యక్తి హోదాతో నిమిత్తం లేకుండా, వాటి అర్థములోనే స్వీకరించవలెను. బలవంతము చేయుట శిక్షార్హము. మొహమాట నిర్ధారణాధికారి పదవి ఇంతటితో రద్దు చేయడమైనది.'

హోదాతో నిమిత్తం లేకుండా అన్న ముక్క అధ్యక్షులే స్వయంగా చేర్పించారు. సమానత్వమంటే ఆయనకి ఇష్టం.

ఉత్తర్వు వచ్చిన వారంలోనే అప్పలనరసమ్మ దొరికిపోయింది. దస్తావేజులు రాసే సింహాచలం గారు చాలన్నారు. చెయ్యి కూడా అడ్డం పెట్టారు. ఆవిడ పోసింది. ఆయన తిన్నారు. పలకలోని కెమెరా మొత్తం చూసింది. తిన్నాక ఆయన చేసిన త్రేన్పు కూడా సాక్ష్యంగా నమోదైంది.

విచారణ హైమావతి గారే జరిపారు. నేను పక్కన కూచుని రాశాను.

"ఆయన వద్దన్నది మీరు విన్నారా?"

"ఇన్నానమ్మా."

"విని?"

"ఏసీనాను."

"వద్దన్నాక ఎందుకు వేశారు?"

"వద్దన్నాడు గదా. అందుకే."

హైమావతి గారు కలం కింద పెట్టారు. "అంటే మీరు నేరం అంగీకరిస్తున్నారు."

"తిన్నోడు అంగీకరించీనాడు తల్లీ, మద్దిని నాదేటుంది?"

అప్పలనరసమ్మను పని నుంచి తాత్కాలికంగా తప్పించారు. పూర్తిగా తొలగించే తీర్మానం సర్వసభ్య సమావేశంలో పెట్టి, అధ్యక్షుల సంతకంతో అమలు చేస్తారు. అప్పటిదాకా నిబంధన ప్రకారం ఆవిడ పనివేళల్లో ఆవరణ దాటకూడదు, పనీ చెయ్యకూడదు. సులభంలోంచి ఆవిడ పేరు తీసేశారు. ఆవిడ గుమ్మం పక్క బల్ల మీద కూచుని, వచ్చేవాళ్ళనీ వెళ్ళేవాళ్ళనీ చూసేది. వెళ్ళేవాళ్ళని చూసి, "ఆకలితో పోతన్నాడు సచ్చినోడు" అని పైకే అనేది.

"తొలగిస్తే ఎక్కడికి వెళ్తావు?" అని అడిగాను.

"యెక్కడికెల్తాను బాబూ? మా యింట్లో పొయ్యి కూడా నేదు. పెనిమిటి పోయిన కాడ్నుంచీ ఈడే తింతన్నాను. ఒక్కర్తికి వండుకుంటే ఏటుంటాది? నాకు నానే ఏసుకుని, నాకు నానే సాలనుకోవాల." ఆవిడ కొంగు విదిలించింది. "నువ్వు రాయి బాబూ, నానేటీ అన్నేదని రాయి."

నేను రాయలేదు. నా ఇంట్లోనూ పొయ్యి లేదు.

సర్వసభ్య సమావేశం భోజనాల హాల్లోనే జరిగింది. మా సంఘంలో దీనికి ఒక పద్ధతి ఉంది. ప్రతి ఏడూ వల్లభరావు గారు లేచి, ఆరోగ్యం సహకరించడం లేదంటారు. షాపు చూసుకునేవాళ్ళు లేరంటారు. ఇక చాలు, మరొకరిని చూసుకోండంటారు. సభ్యులు అరుస్తారు. మీరు తప్ప దిక్కు లేదంటారు. ఆయన చేతులు జోడిస్తారు. వాళ్ళు వినరు. చివరికి ఆయన తల వంచుతారు, బల్ల కింద తడిగుడ్డలో చుట్టి ఉంచిన బంతిపూల దండ పైకి వస్తుంది. ఆ దండ ఆయనే ముందురోజు సాయంత్రం చెప్పి కట్టిస్తారు. అందరికీ తెలుసు. తెలిసే అరుస్తారు.

ఈసారి మినిట్స్ రాసే పని సులభానికి అప్పగించారు. మైకు దానికే కలిపారు. గోడ మీద పెద్ద తెర. హైమావతి గారు పరిశీలకురాలిగా ముందు వరసలో కూచున్నారు. కార్యక్రమంలో మొదటి అంశం అధ్యక్ష పదవి. రెండోది అప్పలనరసమ్మ తొలగింపు. ఆవిడ గుమ్మం పక్క బల్ల మీంచి తల తిప్పకుండా వింటోంది.

వల్లభరావు గారు లేచారు. ఎప్పటికంటే బాగా మాట్లాడారు. సంఘం ఆధునికమైందన్నారు. అకారణం అంతమైందన్నారు. గొంతు కొంచెం వణికించి, "నా ఆరోగ్యం మీకు తెలిసిందే. ఇక చాలు. మరొకరిని చూసుకోండి" అన్నారు.

తెర మీద పచ్చటి అక్షరాలు మెరిశాయి. 'అధ్యక్ష పదవి: చాలు. స్వీకరించబడింది.'

 తరవాత అలవాటు ప్రకారం అరుపులు మొదలయ్యాయి. "మీరే ఉండాలి!" "మీరు లేకపోతే ఎలాగండీ!" ప్రతి అరుపుకీ తెర మీద ఒక ఎర్రటి గీత పడింది. 'అకారణం.' 'అకారణం.' 'బలవంతం, శిక్షార్హం.' శిక్షార్హం చూసి వెనక వరసలవాళ్ళు కూచున్నారు. వాళ్ళని చూసి ముందు వరసలవాళ్ళు కూచున్నారు.

"ఏమిటయ్యా ఇది? ఆపు" అన్నారు అధ్యక్షులు, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి.

"భయం లేదు సార్, రివర్స్ చెయ్యొచ్చు" అంటూ నిఖిలేశ్ పలక పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "మీరు ఈ బొత్తాం నొక్కండి. పదవి మళ్ళీ మీదే."

పలక మీద పచ్చటి బొత్తాం ఉంది. 'కావాలి.'

"నేను నొక్కాలా?"

"మీరే కోరాలి సార్."

"అది బాగుండదు. వీళ్ళంతా అంటున్నారు కదా. వీళ్ళని నొక్కమను."

హైమావతి గారు లేచి నిలబడ్డారు. "ఉత్తర్వులో హోదాతో నిమిత్తం లేకుండా అని స్పష్టంగా ఉన్నదండీ. మీ సంతకమే ఉన్నది. పదవి కావాలని మీరు కోరినచో శాఖకు అభ్యంతరం లేదు."

అందరూ ఆయన వేలిని చూస్తున్నారు. ఊరి వర్తకులు, ఉద్యోగులు, వియ్యంకుడు. నిజానికి ఆయనకి ఆ పదవి తప్ప మరో సుఖం లేదు. బెల్లం షాపు కొడుకులదైంది. ఇంట్లో ఆయన మాటకి విలువ తగ్గింది. ఏడాదికి ఒక్కరోజు అంతమంది కలిసి ఆయన్ని వదిలేది లేదంటారు. మిగతా ఏడాదంతా ఆయన ఆ రోజు మీదే బతుకుతారు. ఆయన చెయ్యి పలక మీదికి వచ్చి, ఆగింది. పలకకీ వేలికీ మధ్య గరిటె దూరేంత సందు ఉంది. కళ్ళు బల్ల కింద దండ వైపు ఉన్నాయి.

అది ఏ తరగతి మొహమాటమో చెప్పగలవాడు ఆ హాల్లో నేనొక్కణ్ణే. కానీ నా పదవి రద్దయింది.

"నాకెందుకండీ ఇవన్నీ" అన్నారు వల్లభరావు గారు. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. "వయసైంది."

తెర ఆ మాటను కూడా స్వీకరించింది.

రెండో అంశం వచ్చింది. తొలగింపు తీర్మానం చేతులెత్తి ఆమోదించారు. దాని మీద అధ్యక్షుల సంతకం కావాలి. సులభం వెతికింది. 'సంతకం చేయవలసిన వ్యక్తి లేరు.' కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకోవాలంటే ఎవరో ఒకరు కావాలని నొక్కాలి. నిఖిలేశ్ పలకను వరసంతా తిప్పాడు. అందరూ దాన్ని ఎంతో మర్యాదగా పక్కవాడికి అందించారు. అది చివరిదాకా వెళ్ళి, అలాగే తిరిగొచ్చింది. విషయం నిరవధికంగా వాయిదా పడింది. అప్పలనరసమ్మ తొలగింపూ కాలేదు, చేరికా కాలేదు. ఉత్తర్వులు వచ్చేవరకు ఆవిడ ఆవరణలోనే ఉండాలి. ఉత్తర్వులు ఇచ్చేవాళ్ళు లేరు.

తరవాత భోజనాలు. వల్లభరావు గారు ఎప్పుడూ కూచునే చోటనే కూచున్నారు. మెడలో దండ లేదు. ఒక విడత వడ్డన అయింది. ఆయన అన్నం, పప్పు త్వరగా తినేసి, ఖాళీ ఆకు ముందు తల వంచుకున్నారు. వడ్డించేవాళ్ళు గోడకి ఆనుకుని గంట కోసం చూస్తున్నారు.

గుమ్మం పక్క బల్ల చప్పుడైంది. అప్పలనరసమ్మ లేచి, వంటింట్లోకి వెళ్ళి, పప్పుచారు బకెట్టుతో వచ్చింది.

"ఆపండి!" అన్నారు హైమావతి గారు.

నిఖిలేశ్ తెర వైపు చూశాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. "ఏమి ఆపాలి మేడమ్? ఆవిడ పేరు సిస్టంలో లేదు. ఆవిడ వడ్డించినది వడ్డన కిందకి రాదు. సాంకేతికంగా ఇక్కడ ఏమీ జరగడం లేదు."

ఏమీ జరగకుండానే ఆవిడ అధ్యక్షుల ఆకు ముందు నిలబడింది.

"చాలు నరసమ్మా" అన్నారాయన. చెయ్యి అడ్డం పెట్టారు.

"సెయ్యి తియ్యి బాబూ, కాలిపోద్ది."

"చాలంటే వినవేం? వద్దు."

పోసింది. అన్నం కూడా వేసింది, ముద్ద మీద ముద్ద. ఆయన కలుపుకుంటూ ఉంటే నడుం మీద చెయ్యేసుకుని, "అదేటి బాబూ, అంతమంది ఉండమంటే ఉండననీసినావట?" అంది.

వల్లభరావు గారు తల ఎత్తలేదు. "ఎవరూ గట్టిగా అడగలేదు" అన్నారు. నోట్లో ముద్ద ఉండటం వల్ల మాట సరిగ్గా పలకలేదు. ఆవిడ మజ్జిగ తేవడానికి వెళ్ళింది.

ఆవిడ వరస వెంట వచ్చేసరికి హైమావతి గారు కూడా ఆకుకి చెయ్యి అడ్డం పెట్టారు. బాగా ఎత్తులో పెట్టారు. రెండో మారు అయ్యాక ఆవిడ నన్ను పిలిచి, నెలాఖరు ధ్రువపత్రం రాయించుకున్నారు. మొహమాటం నిల్వ సున్నా. అకారణ వడ్డన సున్నా. ఆదర్శ సంస్థగా సిఫారసు. నేను సంతకం పెట్టాను. అందులో తప్పేమీ లేదు. తెర మీద అలాగే ఉంది.

అందరూ వెళ్ళాక నేను కూచున్నాను. నేనెప్పుడూ చివరే. ఒక విడత వడ్డన అయిపోయింది. బకెట్టు అడుగున గరిటె గీసుకునే చప్పుడు నా వైపే వస్తోంది. అప్పలనరసమ్మ వచ్చి నిలబడింది.

"చాలు" అన్నాను.

అని, పాత అలవాటు కొద్దీ నా చేతి వైపు చూసుకున్నాను. ఆకుకీ దానికీ మధ్య గరిటె దూరేంత సందు ఉంది.